బెలూన్ల సంచితో మొదలై.. టైర్ల దాకా!
మన రోడ్డుకు తగిన టైరు కోసం మామెన్ మాపిళ్లై పట్టుదల

జోలార్పేట: బైకుకు టైర్లు మార్చాలంటే ఎవరైనా ముందు అడిగేది ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయనే. చెన్నై-బెంగళూరు హైవే మీద దూరాలు తిరిగే కుర్రాళ్లయితే మరీనూ. టైరు ఎక్కువ కాలం రావాలి, వానలో జారకూడదు, మలుపులో పట్టు తప్పకూడదు. ఈ మూడూ ఒకే టైరులో కుదరడం అంత తేలిక కాదు. ఆ సంగతిని సొమ్ము, పరువు రెండూ పణంగా పెట్టి నేర్చుకున్న మనిషి ఎంఆర్‌ఎఫ్ వ్యవస్థాపకుడు కె.ఎం.మామెన్ మాపిళ్లై. జోలార్పేటలో చెన్నై రైలెక్కితే గుడియాత్తం, కాట్పాడి దాటాక అరక్కోణం వస్తుంది. ఆ ఊరి పక్కనే ఆయన హయాంలో వెలసిన టైర్ల ఫ్యాక్టరీ ఉంది.

ఉన్నదంతా ఊడ్చుకుపోయింది

మాపిళ్లై 1922 నవంబరు 28న కేరళలో ఉన్నవాళ్ల ఇంట పుట్టారు. తండ్రి కె.సి.మామెన్ మాపిళ్లై మలయాళ మనోరమ పత్రిక సంపాదకుడు. బ్యాంకు కూడా నడిపారు. 1938లో ఆ బ్యాంకు కూలింది. అప్పటి తిరువాన్కూరు సంస్థాన దివాను సి.పి.రామస్వామి అయ్యర్‌తో పడకపోవడంతో పత్రిక మూతపడింది. తండ్రి జైలు పాలయ్యారు. పదహారేళ్లయినా నిండని కుర్రాడికి కళ్లెదుటే ఆస్తి మొత్తం పోయింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకున్నారు. ఉద్యోగం వెతుక్కోకుండా వ్యాపారంలోకి దిగారు.

ఇద్దరూ కలిసి..

1946లో మద్రాసు శివారు తిరువొత్తియూరులో చిన్న షెడ్డు. యంత్రాలంటూ ఏమీ లేవు. అక్కడే పిల్లలు ఆడుకునే బెలూన్లు తయారు చేశారు. ఆ కష్టంలో భార్యకూ పాలుంది. సరుకు సంచిలో వేసుకుని మద్రాసు వీధుల్లో ఆయనే తిరిగి అమ్మేవారు. ఎంఆర్‌ఎఫ్ అంటే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. పేరు పెద్దదే గానీ అప్పటికి ఉన్నది ఆ షెడ్డే. మెల్లగా రబ్బరు బొమ్మలు, చేతి తొడుగులు వచ్చి చేరాయి. 1949లో తంబు చెట్టి వీధిలో ఆఫీసు తెరిచారు.

అరిగిన టైరుకు రెండో జన్మ

లారీ టైరు అరిగితే పారేయరు. లోపలి కట్టు గట్టిగా ఉంటే పైన కొత్త రబ్బరు పొర అతికించి మళ్లీ వాడతారు. ఆ పొరే ట్రెడ్ రబ్బరు. బంధువుల్లో ఒకరికి రీట్రెడింగ్ షాపు ఉండేది. దానికి సరుకు విదేశీ కంపెనీ నుంచే రావాలి. అదే రబ్బరు ఇక్కడెందుకు చేయకూడదన్న ఆలోచన మాపిళ్లైకి వచ్చింది. 1952లో మొదలుపెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి దేశంలో ఆ మార్కెట్లో దాదాపు సగం ఆయన చేతికొచ్చింది.

అమెరికా టైరు.. మన గతుకులు

1961లో అమెరికాకు చెందిన మాన్స్‌ఫీల్డ్ కంపెనీ సాయంతో టైర్ల తయారీకి దిగారు. అప్పటికి ఇక్కడ డన్‌లప్, ఫైర్‌స్టోన్, గుడ్‌ఇయర్‌ లాంటి పెద్ద పేర్లదే రాజ్యం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అమెరికా రోడ్ల కోసం పుట్టిన పరిజ్ఞానం మన గతుకులకు, మన ఎండకు, పరిమితికి మించి బరువు మోసే లారీలకు నప్పలేదు. నాసిరకమన్న మాట పడాల్సి వచ్చింది. మాపిళ్లై వెనక్కి తగ్గలేదు. అరువు తెచ్చుకున్న విద్య చాలదని, సొంత పరిశోధన కావాలని తేల్చుకున్నారు. తిరువొత్తియూరు రబ్బరు పరిశోధన కేంద్రానికి 1963లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1964లో టైరును ఎత్తి పట్టిన కండల వీరుడి బొమ్మ వచ్చింది. లారీ డ్రైవర్లు టైరులో కోరేది బలమేనని గ్రహించి వేయించిన బొమ్మ అది. 1967లో లెక్క తిరగబడింది. ఎంఆర్‌ఎఫ్ టైర్లు అమెరికాకే ఎగుమతి అయ్యాయి.

1970ల తొలినాళ్లలో అరక్కోణం ఫ్యాక్టరీ వచ్చింది. అప్పట్లో అరక్కోణం, వేలూరు, గుడియాత్తం, జోలార్పేట అన్నీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. తర్వాత తెలుగు నేల మీద మెదక్ జిల్లా సదాశివపేటలోనూ ఫ్యాక్టరీ పెట్టారు. ద్విచక్ర వాహనాలకు నైలోగ్రిప్ టైర్లు 1985లో వచ్చాయి.

బైకు వాళ్లకు ఆ పాఠమే

మాపిళ్లై నేర్చుకున్న పాఠం దూరప్రయాణాలు చేసే బైకులకూ వర్తిస్తుంది. రబ్బరు గట్టిగా ఉంటే టైరు ఎక్కువ కాలం వస్తుంది, పట్టు తగ్గుతుంది. మెత్తగా ఉంటే పట్టు బాగుంటుంది, త్వరగా అరుగుతుంది. స్పోర్ట్ టూరింగ్ టైర్లలో చాలావాటికి అందుకే నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు వేస్తారు. నేరు రోడ్డు మీద అరిగేది నడుమ భాగం, మలుపులో నేలను పట్టేది అంచు. హైవేలోనే ఎక్కువ తిరిగేవారికి ఇలాంటివి నప్పుతాయి. ఏలగిరి లాంటి ఘాట్ రోడ్లే ఎక్కువైతే కొన్ని వేల కిలోమీటర్లు తగ్గినా పట్టు ఉన్నదే తీసుకోవాలి.

ఎంత మంచి టైరైనా గాలి తగ్గితే పక్కలు నలిగి వేడెక్కుతుంది, తొందరగా అరుగుతుంది. బండి బయటికి తీయకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. పక్కగోడ మీద ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2325 అంటే 2025లో 23వ వారం. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు చవగ్గా వచ్చినా కొనకూడదు. బటన్ల లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గితే నిబంధనల ప్రకారం బైకు టైరు మార్చాల్సిందే.

1992లో పద్మశ్రీ అందుకున్న మాపిళ్లై 2003 మార్చి 3న చెన్నైలో కన్నుమూశారు. ఎక్కడో గొప్పగా నడిచిన టైరు ఇక్కడా నడుస్తుందన్న భరోసా లేదు. ఏ రోడ్డు మీద, ఎంత ఎండలో, ఎంత బరువుతో తిరుగుతామో చూసుకున్నాకే టైరు ఎంచుకోవాలి. 1961లో ఆయనకు తగిలిన దెబ్బ చెప్పింది ఇదే.