వాషింగ్టన్ కట్టుడు పళ్లు కర్రవి కావు

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ జీవితకాలమంతా పంటి బాధతో అల్లాడారు. 1732లో వర్జీనియాలో భూస్వాముల ఇంట పుట్టిన ఆయన 24వ యేటనే మొదటి పన్ను తీయించుకున్నారు. పళ్లపొడులు, బ్రష్షులు కొని వాడినా ఫలితం లేకపోయింది. 1789 ఏప్రిల్ 30న న్యూయార్కులో అధ్యక్షుడిగా ప్రమాణం చేసే నాటికి నోట మిగిలింది ఒకే ఒక్క పన్ను. దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ ఆయనకు కట్టుడు పళ్లు చేసి ఇచ్చారు. చివరి పన్ను కూడా తీసేశాక దానిని గుర్తుగా దాచుకున్నారు. 1799 డిసెంబరు 14న వాషింగ్టన్ కన్నుమూశారు.

ఆయన స్వగృహమైన మౌంట్ వెర్నన్‌లోని మ్యూజియంలో ఒక పూర్తి పళ్ల సెట్టు భద్రంగా ఉంది. అవి కర్ర పళ్లని జనం చాలాకాలం చెప్పుకున్నారు. అందులో కర్ర లేనే లేదు. ఉన్నవి సీసం, దంతం, పశువుల పళ్లు, మనుషుల పళ్లు.

1784 మే నెల నాటి ఆయన ఖర్చుల పద్దులో మరో సంగతి ఉంది. 9 పళ్లకుగాను నల్లజాతి వారికి 6 పౌండ్ల 2 షిల్లింగులు చెల్లించినట్లు రాసి ఉంది. ఆయన ఎస్టేటులో పనిచేసినవారిలో అత్యధికులు బానిసలే. అధ్యక్షుని పళ్లు పేరుతో సహా నేటికీ పదిలంగా ఉన్నాయి. పళ్లు ఇచ్చిన వారి పేర్లు మాత్రం ఆ పద్దుకు ఎక్కలేదు.