విహంగ శాస్త్రవేత్త సలీం అలీ

బొంబాయిలో 1896లో జన్మించి, పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన సలీం అలీకి విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఆ కారణంగా కోరిన ఉద్యోగం దక్కకపోయినా, 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన ఘనత ఆయనదే. అయితే నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది, పక్షుల కాళ్ళకు కడియాలు తొడిగిన ఆయన కృషి.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు మరణించసాగాయి. సమీప గ్రామస్థులు తీవ్ర జ్వరపీడితులయ్యారు. ఆ వైరస్ రష్యాలోని ఒక వైరస్‌ను పోలి ఉండుటచే, వలస పక్షులు పిడుదులను మోసుకువచ్చాయేమోనని శాస్త్రజ్ఞులు శంకించారు. మరి పక్షి వచ్చిన దారిని తెలుసుకొనుట ఎట్లు? ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పక్షాన సలీం అలీ ఆ భారం వహించారు. కంటికానని సన్నని వలలలో చిక్కిన పక్షిని కొలిచి, తూచి, దాని ఒంటిమీది పిడుదులను సేకరించి, సంఖ్య, సంఘం చిరునామా ముద్రించిన తేలికైన అల్యూమినియం కడియాన్ని కాలికి తొడిగి విడిచేవారు. ఆ పక్షి ఏ దూరదేశంలోనో మరల దొరికి, ఎవరైనా ఆ సంఖ్యను జాబులో తెలిపితేనే ఫలితం. వేలకొలది పక్షులకు తొడిగితే కొద్దింటి కబురే అందేది. ఎంత ఓర్పు!

ఆ జ్వరం ముఖ్యంగా ఆ అడవిలోని పిడుదుల కాటు వలననే సోకుతుందని తేలింది. కడియాల పని మాత్రం ఆగలేదు. 1987లో సలీం అలీ కన్నుమూసిన పిదపకూడా తమిళనాడులోని కోడియక్కరై తీరాన కొనసాగింది.