ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపమందలి వినోదరాయునిపాలెంలో జన్మించారు. పేదరికమును జయించి బారిష్టరైరి. 1921లో ఆ వృత్తిని త్యజించి 'స్వరాజ్య' పత్రికను స్థాపించారు.

1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బహిష్కరణనాడు, మద్రాసులో పోలీసులు ప్రజలపై కాల్పులు జరిపారు. మృతుని చూడబోయిన పంతులుగారిని తుపాకులతో అడ్డగించగా, ఆయన రొమ్ము చూపి నిలిచారు. పోలీసులే దారి విడిచారు.

కాని 1947 జనవరిలో, ఆయన అధినేతగానున్న మద్రాసు ప్రభుత్వమే విచారణ లేకుండా నిర్బంధించుటకు ఆర్డినెన్సు తెచ్చింది. తుపాకికి ఎదురు నిలుచుటకన్న, అది తన ఆజ్ఞకు లోబడినప్పుడు దానిని ధర్మబద్ధంగా ఉంచుట కష్టతరమని మేము భావిస్తున్నాము.

1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, 1957 మే 20న హైదరాబాదులో కీర్తిశేషులైరి. మన విద్యార్థులలో రేపు ఖాకీ ధరించువారూ ఉందురు. లాఠీ ఎత్తుటకు ముందు వారికి ఆ రొమ్ము జ్ఞప్తికి రావలెనని మా ఆకాంక్ష.