చెప్పడానికి వచ్చి వినడం నేర్చుకున్న స్టాన్లీ జోన్స్

గాంధీజీ హత్య జరిగిన 1948లోనే అమెరికాలో ఆయన మీద ఒక పుస్తకం వెలువడింది. రాసింది ఇ. స్టాన్లీ జోన్స్ అనే మెథడిస్టు పాస్టరు. అప్పటికి ఆయనకు భారతదేశంతో నలభై ఏళ్ల అనుబంధం. గాంధీని దగ్గర నుంచి చూసినవారు, ఆయనతో వాదించినవారు కూడా. పుస్తకానికి అనుకున్నంత ఆదరణ దక్కలేదు. తన ప్రయత్నం విఫలమైందనే జోన్స్ అనుకున్నారు. కొన్నేళ్ల తర్వాత ఒక యువ నల్లజాతి పాస్టరు ఆయనకు తారసపడి, అహింసాయుత సహాయ నిరాకరణ అనే ఆలోచన తనకు మొదట తట్టింది ఆ పుస్తకం చదివినప్పుడేనని చెప్పాడు. ఆ యువకుడి పేరు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్.

భారతీయులకు క్రీస్తును బోధించడానికి వచ్చిన మనిషి, చివరికి అమెరికాకు గాంధీని పరిచయం చేసినవారిలో ఒకరయ్యారు. అలాగని తన విశ్వాసాన్ని వదులుకోలేదు, పలచన చేసుకోనూ లేదు. ఈ రెండూ ఒకే జీవితంలో ఎలా పొసిగాయన్నదే స్టాన్లీ జోన్స్ కథ.

1884 జనవరి 3న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఆయన పుట్టారు. కెంటకీలోని ఆస్బరీ కళాశాలలో చదివి, 1907లో 23 ఏళ్ల వయసులో భారతదేశానికి వచ్చారు. మెథడిస్టులనగానే తెలుగువారికి మెదక్ చర్చి గుర్తుకొస్తుంది. అది బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్ కట్టించినది. జోన్స్ వచ్చింది అమెరికన్ మెథడిస్టు శాఖ తరఫున. లక్నోలోని లాల్‌బాగ్‌లో ఇంగ్లిష్ మాట్లాడే సంఘానికి ఆయన తొలుత పాస్టరుగా పనిచేశారు.

1911లో మేబెల్ లాసింగ్‌తో ఆయన పెళ్లయింది. ఆమె ఎవరో మిషనరీ వెంట వచ్చిన భార్య కాదు. జోన్స్ కంటే మూడేళ్ల ముందే, 1904లో ఉపాధ్యాయినిగా ఈ దేశానికి వచ్చారు. వయసులోనూ ఆయన కంటే పెద్ద. పెళ్లయ్యాక దంపతులు లక్నోకు ఉత్తరాన ఉన్న సీతాపూర్‌లో కాపురం పెట్టారు. అక్కడ మగపిల్లల పాఠశాల బాధ్యత మేబెల్ తీసుకున్నారు. మగపిల్లలకు ఆడవాళ్లు పాఠాలు చెప్పడమనేది ఆ ప్రాంతంలో ఎవరూ ఊహించని రోజుల్లో ఆమె మహిళా ఉపాధ్యాయులను నియమించారు. ఇది సాగదని పెదవి విరిచినవారున్నారు. కానీ సాగింది. పేద పిల్లల చదువుకయ్యే ఖర్చు కోసం ఆమె ఏళ్ల తరబడి అమెరికాకు ఉత్తరాలు రాస్తూ విరాళాలు కూడగట్టారు. గాంధీజీతోనూ ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి.

జోన్స్ మాత్రం తొలి ఎనిమిదేళ్లలోనే అలసిపోయారు. పని భారం, ఎండలు, అన్నిటికీ మించి తన శక్తికి మించినది తలకెత్తుకున్నానన్న దిగులు ఆయనను కుంగదీశాయి. నరాల బలహీనతతో పదేపదే కుప్పకూలారు. విశ్రాంతి కోసం 1916లో అమెరికా వెళ్లారు. తిరిగొచ్చాక మళ్లీ అదే పరిస్థితి. ఇక ఈ పని వదిలేసి, స్వదేశంలో ఏ పొలం పనో చూసుకోక తప్పదన్న స్థితికి వచ్చారు. అలాంటి సమయంలో లక్నోలో ఒక రాత్రి ప్రార్థనలో ఉండగా, ఆ భారం తాను ఒక్కడే మోయనక్కర్లేదన్న నిశ్చింత కలిగిందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆ అనుభవాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకున్నా, దాని తర్వాత ఆయన అర్ధశతాబ్దానికి పైగా ఆగకుండా పనిచేశారన్నది వాస్తవం.

పని తీరు కూడా మారింది. అట్టడుగు కులాల దగ్గరికే ఎందుకు వెళ్తారు, మా దగ్గరికి ఎందుకు రారని చదువుకున్న ఒక హిందూ పెద్దమనిషి ఆయనను అడిగారు. మీకు మా అవసరం లేదనుకున్నానని జోన్స్ చెబితే, సరైన పద్ధతిలో వస్తే వింటామని ఆయన బదులిచ్చారు. ఆ సరైన పద్ధతి ఏమిటో వెతకడమే జోన్స్‌కు జీవితకాలపు పని అయింది. చర్చిల్లో కాకుండా ఊరి సభామందిరాల్లో ప్రసంగించేవారు. సభకు అధ్యక్షులుగా హిందూ, ముస్లిం ప్రముఖులనే పిలిచేవారు. ప్రసంగం ముగిశాక ఎంతటి పదునైన ప్రశ్నకైనా జవాబు చెప్పేవారు. ఇతర మతాల మీద దాడి చేయకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం.

తర్వాత ఇంకో అడుగు వేశారు. వివిధ మతాలవారిని గుండ్రంగా కూర్చోబెట్టి, తమ మతం తమ బతుకులో ఏం చేసిందో ఒక్కొక్కరినీ చెప్పమనేవారు. వాదన, ఖండన, బోధన ఏవీ ఉండకూడదు. అలాంటి కూటముల్లో క్రైస్తవుల కంటే ఇతరులే ఎక్కువమంది ఉండేలా చూసుకునేవారు. ఆ అనుభవాలతో 1928లో ఒక పుస్తకమే రాశారు. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన ‘ద క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్’ ఆయనకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. లక్షల ప్రతులు అమ్ముడైన ఆ పుస్తకం సారాంశం సూటిగానే ఉంటుంది: క్రీస్తు వేరు, పాశ్చాత్య నాగరికత వేరు. క్రీస్తు పేరు చెప్పి తెల్లవారి ఆధిక్యాన్ని అంటగట్టకూడదు.

గాంధీజీని ఆయన మొదట 1919లో, ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఎస్.కె. రుద్ర ఇంట్లో కలిశారు. క్రైస్తవం ఈ దేశానికి పరాయిది కాకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగారు. క్రైస్తవులు ముందు క్రీస్తులా బతకాలని, తమ మతాన్ని పలచన చేయకుండా ఆచరించాలని, ప్రేమకు పెద్దపీట వేయాలని, ఇతర మతాలను సానుభూతితో చదవాలని గాంధీ సూచించారు. జోన్స్ తర్వాత సబర్మతి ఆశ్రమంలో పది రోజులు గడిపారు. ఇద్దరికీ మతమార్పిడి విషయంలో ఎప్పుడూ ఏకాభిప్రాయం కుదరలేదు. మీరు క్రీస్తు సూత్రాలను పట్టుకున్నారు గానీ క్రీస్తునే చేరుకోలేదని జోన్స్ ఒక ఉత్తరంలో మొహమాటం లేకుండా రాశారు. ఆ ఉత్తరం వెనకున్న ప్రేమను గాంధీ గుర్తించారు, అభిప్రాయాన్ని మాత్రం అంగీకరించలేదు. స్నేహం చెడలేదు.

1928లో అమెరికాలో జరిగిన మెథడిస్టు మహాసభ ఆయనను బిషప్‌గా ఎన్నుకుంది. పదవీ ప్రతిష్ఠ జరగకముందే ఆయన రాజీనామా చేశారు. తన పని ప్రచారమే తప్ప పాలన కాదన్నారు. 1930లో నైనితాల్ దగ్గరి సాత్‌తాల్‌లో ఆశ్రమం పెట్టారు. అక్కడ ఖద్దరు, నేల మీద బాసింపట్టు, పొద్దున్నే మౌనం. ఒక నియమం మాత్రం మిగతావాటికంటే కష్టమైనది. పాకీ పనివాడికి వారానికో రోజు సెలవు. ఆ రోజు అతని పని ఆశ్రమవాసులే చేయాలి. క్రైస్తవం పుచ్చుకున్న ఒక బ్రాహ్మణుడు మొదట వెనకాడాడు. తాను మారాడు గానీ, ఇంకా అంతదూరం మారలేదన్నాడు. బాప్తిస్మంతో కులం పోదని తెలుసుకోవడానికి జోన్స్‌కు ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేకపోయింది.

ఇంత తిరుగుడులో ఇల్లు ఎవరిది? ఏడాదిలో ఎన్నో నెలలు జోన్స్ రైళ్లలో, ఓడల్లో, సభల్లో ఉండేవారు. సీతాపూర్‌లో పాఠశాలను, ఇంటిని, ఏకైక కుమార్తె యూనిస్‌ను మేబెల్ చూసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన అమెరికాలో చిక్కుకుపోతే, కుటుంబం ఇక్కడ ఉండిపోయింది. ఆయన కుటుంబాన్ని ప్రేమించారనడంలో సందేహం లేదు. కానీ ఆ ప్రేమలో చాలా భాగం ఉత్తరాల మీదే నడిచింది. ఆయన పేరు మీద చెప్పుకునే సేవలో మేబెల్ ఒంటరి ఏళ్ల వాటా కూడా ఉంది. ఆమె సీతాపూర్‌లో నిలబడబట్టే ఆయన దేశదేశాలు తిరగగలిగారు.

ఆ ఇంటి సంస్కారం తర్వాతి తరంలోనూ కనిపిస్తుంది. యూనిస్ 1940లో జేమ్స్ మాథ్యూస్ అనే మిషనరీని పెళ్లాడారు. 1956లో భారతదేశంలో బిషప్‌గా ఎన్నికైన మాథ్యూస్, ఆ స్థానం భారతీయుడికే దక్కాలని పదవిని వద్దన్నారు. తర్వాత అమెరికాలో బిషప్ అయ్యారు. 1964 ఈస్టర్ రోజున నల్లజాతి బిషప్ చార్లెస్ గోల్డెన్‌తో కలిసి మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఒక శ్వేతజాతి మెథడిస్టు చర్చికి వెళ్లారు. ఇద్దరినీ గుమ్మంలోనే ఆపేశారు. మామగారు గాంధీ దగ్గర నేర్చుకున్నదాన్ని అల్లుడు ఆ గుమ్మం ముందు ఆచరించారనుకోవచ్చు.

1948 జనవరి 30న జోన్స్ ఢిల్లీలోనే ఉన్నారు. ఆ సాయంత్రం బిర్లా భవన్ ప్రార్థన సభకు వెళ్లాలనుకుని, వేరే పని ఉండి వెళ్లలేకపోయారు. ఆ ఏడాదే రాసిన పుస్తకం కింగ్ చేతికి చేరింది. 1950 ప్రాంతంలో ఆయన చొరవతో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సా కేంద్రం మొదలైంది. మనసు కుంగితే మనిషి ఎలా కూలిపోతాడో అదే ఊళ్లో స్వయంగా అనుభవించినవారు ఆయన.

1971 డిసెంబరులో అమెరికాలో పక్షవాతం వచ్చి మాట తడబడింది. వేల సభల్లో మాట్లాడిన మనిషికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. అయినా టేపు రికార్డరు ముందు కూర్చుని, పదం పదం కూడదీసుకుంటూ చివరి పుస్తకం చెప్పారు. అది ఆయన పోయాక 1975లో అచ్చయింది. మరుసటి ఏడాది చక్రాల కుర్చీలోనే జెరూసలేంలో ప్రసంగించారు. ఆ తర్వాత భారతదేశానికి తిరిగివచ్చి, 1973 జనవరి 25న బరేలీలో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మేబెల్ మరో ఐదేళ్లు బతికి, నిండు నూరేళ్లకు వెళ్లిపోయారు.

మతం గురించి మాట్లాడాలంటేనే గొంతు పెంచాల్సివస్తున్న కాలం ఇది. ఎదుటివారి మతం నుంచి నేర్చుకోవడానికి తన మతాన్ని తక్కువ చేసుకోనక్కర్లేదని స్టాన్లీ జోన్స్ బతికి చూపించారు. అందుకు ఆయన చేసిందల్లా, సభలో అధ్యక్షుడి కుర్చీని ఎదుటివారికి ఇచ్చి, వాళ్లు అడిగేదాకా కూర్చుని వినడం.