కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

గుంటూరు, ప్రకాశం మండలాల నల్లరేగడి పల్లెలలో ఒక యువకుడు మిరపకాయల టిక్కీని అవలీలగా లేపి బండిమీద వేసినట్లయితే, చుట్టూ ఉన్న పెద్దలు వానిని కోడి రామమూర్తితో పోల్చడం కద్దు. పనిలేని ప్రగల్భాలు పలికేవానిని ఎగతాళి చేయడానికి కూడ ఆ పేరే వాడుకలో ఉన్నది. ఒక మనిషి పేరు మెచ్చుకోలుకూ, పరిహాసానికీ కూడ సామెతవలె నిలిచిపోవడం సామాన్యమైన విషయం కాదు. అయితే పేరు మిగిలినంతగా మనిషి మిగలలేదు. ఆయన ఎవరు, ఆ బలం ఆయనకు ఎట్లు సిద్ధించినది, దానికొరకు ఆయన ఏమి చెల్లించినారు అన్నవి విద్యార్థులు తెలిసికొనదగిన సంగతులు.

రామమూర్తి నాయుడు కళింగాంధ్రలోని వీరఘట్టంలో 1882లో జన్మించినారు. తండ్రి వెంకన్న నాయుడు. బాల్యంలోనే తల్లిని కోలుపోయిన ఈ బాలుడు చదువుమీద శ్రద్ధ చూపలేదు. తండ్రి ఆయనను విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి నాయుడు దగ్గరకు పంపించినారు. ఈ మార్పే ఆయన జీవితాన్ని మలచినది.

ఆనాటి విజయనగరం విద్యలకు పుట్టినిల్లు. గురజాడ అప్పారావు అక్కడనే సాహిత్యసేవ చేస్తున్నారు. ఆదిభట్ల నారాయణదాసు హరికథకు అక్కడనే పట్టం కట్టినారు. సంగీతానికి, సాహిత్యానికి ఉన్న ఆదరణ మల్లవిద్యకు కూడ అక్కడ ఉండేది. తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి, కుస్తీ పట్లు నేర్చి, రామమూర్తి తన దేహాన్ని పదునుపెట్టుకొన్నారు. తరువాత మద్రాసులోని సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగివచ్చి, పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా చేరినారు. లోకం ఎరిగిన మల్లుడు మొదట ఒక బడిపంతులు అన్న మాట ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినది. ఆయన బలం పుట్టుకతో వచ్చిన వింత కాదు. పాఠంవలె నేర్చినది, పాఠంవలె నేర్పగలిగినది.

అయితే ఆ కాలంలో దేహబలాన్నే వృత్తిగా స్వీకరించిన భారతీయునికి ఉన్న దారులు రెండే: సంస్థానాధీశుని ఆశ్రయంలో మల్లుడుగా ఉండడం, లేదా సర్కసులో చేరడం. మన దేశంలో స్వదేశీయుల సర్కసును మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో ప్రారంభించినాడు. ఆ తరువాత డేరా సర్కసులు ఊరూరా తిరుగనారంభించినవి. పొట్టి పంతులు అనే మిత్రుని ప్రోత్సాహంతో రామమూర్తి కూడ ఒక సర్కసు సంస్థను నెలకొల్పినారు. ఆ డేరాతోనే ఆయన తెలుగుదేశాన్ని దాటి ఉత్తరాదికి పయనించినారు. వంగదేశంలోనూ, మహారాష్ట్రంలోనూ ఆయన పేరు మారుమోగినది. పూనాలో లోకమాన్య తిలకుని చేతిమీదుగా మల్లమార్తాండ బిరుదు లభించినదని ప్రసిద్ధి. ఇండియన్ హెర్క్యులస్, కలియుగ భీముడు అన్నవి కూడ ఆయన బిరుదులు. సీమకు వెళ్ళి ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చినట్లు చెబుతారు.

ఆయన ప్రదర్శనలలో మూడు ముఖ్యమైనవి. రొమ్ముకు ఇనుపగొలుసు బిగించి కట్టించుకొని, ఊపిరి పూరించి దానిని తెంచడం మొదటిది. భుజాలకు కట్టిన గొలుసులతో రెండు మోటారుకార్లను రెండు దిక్కులకు కదలకుండా ఆపడం రెండవది. రొమ్ముమీద బల్ల వేయించుకొని, దానిమీదికి ఏనుగును ఎక్కించుకోవడం మూడవది.

వీటిని మంత్రతంత్రాలుగా భావించినవారు కొందరు, కనుకట్టుగా కొట్టివేసినవారు కొందరు. రెండును పొరపాటే. ఏనుగు బరువు మూడు నాలుగు వేల కిలోగ్రాములు ఉండవచ్చు. బల్ల ఆ బరువును ఒక్కచోట గుచ్చుకొననీయక ఎదురురొమ్మంతటా పరచుతుంది. అయినా పక్కటెముకలు నలిగిపోకుండా ఉండాలంటే ఊపిరితిత్తులు గాలితో నిండి, లోపలినుండి ఎదురొత్తాలి. ఆ కొద్ది క్షణాలలో ఊపిరి జారితే ప్రాణమే జారుతుంది. ప్రాణాయామాన్ని ఆయన నిత్యసాధనగా చేసుకొన్నది ఇందుకే. కార్లను ఆపడంలో ఒక మర్మం ఉన్నది. రెండు వైపుల లాగుడు సమానమైనపుడు ఒక దానిని మరొకటి సరితూచుతుంది. కాళ్ళమీద భారం పడదు. కాని ఆ లాగుడంతా మనిషి చేతులగుండా, భుజాలగుండా, రొమ్ముగుండా ప్రవహిస్తుంది. కీళ్ళు సడలితే మనిషి మిగలడు. ఉపాయం తెలిసినంతమాత్రాన అపాయం తొలగిపోలేదు.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. తిరునాళ్ళలో బండలు లాగే ఒంగోలు గిత్తల బలం ముందుకు దూకే బలం. మల్లయుద్ధంలో ప్రత్యర్థిని పడగొట్టే బలమూ అటువంటిదే. కార్లకు, ఏనుగుకు ఎదురు చూపిన రామమూర్తి బలం అట్టిది కాదు. అది నిలిచే బలం, ఓర్చే బలం. అమెరికావారి ఫుట్‌బాల్ ఆటలో జట్టుకు పదకొండుమంది ఉండగా, బంతి ఉన్న పక్షాన ముందు వరుసలో ఐదుగురు భారీకాయులు అడ్డుగోడవలె నిలుస్తారు. బంతి పట్టుకొని పరుగెత్తడం వారి పని కాదు. తమ వెనుకనున్నవానిమీదికి ప్రత్యర్థులు రాకుండా కాచుకోవడమే వారి వృత్తి. సాధారణంగా గెలుపు కేకలు మరొకరి పేరున వినబడతాయి. దెబ్బలు వారి ఒంటిమీద మిగులుతాయి. రామమూర్తి బలం ఆ జాతిది. భేదమల్లా ఒక్కటే: ఆయన వెనుక ఆటగాడు లేడు, ఒక జాతి యావత్తూ ఉన్నది.

ఇది అతిశయోక్తి కాదు. భారతీయులు, అందులోనూ వంగీయులు, దేహదార్ఢ్యం లేని దుర్బలులని మెకాలే వంటి పాలకవర్గంవారు వ్రాసిపెట్టినారు. చదువుకొన్న యువకులు కూడ ఆ మాటను లోలోపల నమ్మినారు. 1905లో వంగవిభజన జరిగి స్వదేశీ ఉద్యమం చెలరేగినపుడు, దేశభక్తులు వ్యాయామశాలలు నెలకొల్పడం రాజకీయ కార్యంగానే భావించినారు. ఆ దశాబ్దంలోనే, 1910లో, గామా లండనుకు వెళ్ళి పాశ్చాత్య మల్లులకు తన సత్తా చూపినాడు. అట్టి తరుణంలో మాంసాహారం ముట్టని ఒక తెలుగువాడు ఏనుగును రొమ్మున మోయడం చూచినవారికి అది కేవలం వినోదం కాలేదు. ఉపన్యాసం వ్రాయకుండానే ఆయన దేహం ఒక సమాధానం చెప్పినది.

కాని దేహాన్ని వృత్తిగా చేసుకొన్నవానికి దేహమే మూలధనం. అది తరిగిపోయే ధనం. రాబడి పుష్కలంగా ఉన్న రోజులలో ఆయన దానధర్మాలు విరివిగా చేసినారని ప్రతీతి. కడపటి దినాలలో కాలిమీద లేచిన పుండు ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చినది. మత్తుమందు పుచ్చుకోకుండ, ప్రాణాయామంతోనే ఆయన ఆ శస్త్రచికిత్సను సహించినారని చెప్పుకొంటారు. ఎన్నడూ నేల విడువని పాదాలలో ఒకటి పోయిన తరువాత ఆయనకు డేరా లేదు, ఏనుగు లేదు, చప్పట్లు లేవు. ఒరిస్సాలోని పట్నా సంస్థానాధీశుని ఆదరణలో ఆయన తుది కాలం గడచినది. 1942 జనవరి 16న ఆయన కన్నుమూసినారు. అప్పటికి స్వాతంత్ర్యం ఐదేండ్ల దూరంలో ఉన్నది.

నేడు శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడాప్రాంగణం ఉన్నది. విశాఖపట్టణం సముద్రతీరంలో ఆయన విగ్రహం నిలిచి ఉన్నది. ఆయనను గురించిన కథలు మాత్రం ఏటేటా పెరిగిపోతున్నవి. ఏనుగుల సంఖ్యా, కార్ల సంఖ్యా చెప్పేవాని ఉత్సాహాన్నిబట్టి మారుతూ ఉంటుంది. ఈ పెంపకంవలన ఆయనకు మేలు కలుగదు. భీముడు వాయుపుత్రుడు, వానిని మనం పూజింపవచ్చును గాని అనుసరింపలేము. తల్లిలేని వీరఘట్టం బాలుడు తెల్లవారుజామున లేచి, తాలింఖానా మట్టిలో చెమటోడ్చి, ఊపిరిని అదుపున పెట్టుకొని, అంతవాడైనాడన్నది అనుసరింపదగిన కథ.

పాఠశాలలలో వ్యాయామపు గంట నేటికీ లెక్కల పాఠానికో, పరీక్షల తయారీకో అరువుపోతూనే ఉన్నది. ఆ గంటను ఏ బాలునికీ, బాలికకూ దక్కకుండ చేయని పాఠశాల, ఒకనాటి విజయనగరం వ్యాయామోపాధ్యాయునికి విగ్రహంకంటె మిన్నయైన స్మారకం.