గోఖలే గారు - ప్రజాధనము

మహాత్మాగాంధీ తమ రాజకీయ గురువుగా చెప్పుకొనిన గోపాలకృష్ణ గోఖలే గారి పేరెఱుగని వారు మన పాఠకులలో ఉండరు. ఆయన శాంతస్వభావుడనియు, మితవాదియనియు, భారత సేవాసంఘ స్థాపకుడనియు అందఱును చెప్పుదురు. కాని ఆయన శక్తియుక్తులలో పెద్దపాలు ఆదాయవ్యయ పట్టికలమీదనే వినియోగమైనదను సంగతి మఱుగుపడినది. ప్రజలిచ్చిన రూపాయిలో పైప్రభుత్వమున కెంత, రాష్ట్రమున కెంత, గ్రామమున కెంత అను ప్రశ్నను, ఆ లెక్క ఎవరికి ఒప్పజెప్పవలెనను ప్రశ్నతో ముడివేసినవారాయన. ఈ రెండును వేర్వేఱు ప్రశ్నలని నేటికిని అనేకులు తలచుచున్నారు గనుక ఆ జీవితమును ఈ దృష్టితో మఱియొకమాఱు చూడదలచితిమి.

గోఖలే గారు 1866 మే 9వ తేదీన రత్నగిరి జిల్లాలోని కొత్లుక్ గ్రామమున బీదకుటుంబములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా అన్నగారి స్వల్పమైన జీతముతో చదువు సాగినది. 1884లో పట్టభద్రులై పూనాలో దక్కను విద్యాసంఘమున జేరి, ఫెర్గుసన్ కళాశాలలో బోధకులైరి. ఆయన వ్రాసిన అంకగణిత పుస్తకము పాఠశాలలలో చాలకాలము నడచినది. పిమ్మట రానడే గారి శిష్యరికము లభించినది. ప్రభుత్వ నివేదికలను వరుస వరుసగా చదివి, వారి అంకెలతోనే వారిని నిలదీయు విద్య ఆయనకు అక్కడ అబ్బినది.

ఆనాటి పద్ధతిని కొంచెము వివరింపవలసియున్నది. 1870 వఱకు రాష్ట్రీయ ప్రభుత్వములకు తమవను ఆదాయము లేదు. ప్రతి ఖర్చునకును ఇండియా ప్రభుత్వపు ఆజ్ఞ కావలసియుండెను. ఆ సంవత్సరమున మేయో ప్రభువు విద్య, పోలీసు, జెయిళ్లు, వైద్యము, రోడ్లు మొదలగు శాఖలను రాష్ట్రములకు అప్పగించి, వానికై ఇంతయని మొత్తమును నిర్ణయించెను. 1882 నుండి కొన్ని పద్దుల రాబడిని ఉభయులును పంచుకొని, ఐదేండ్లకొకసారి ఆ పంపకమును తిరుగదోడు ఏర్పాటు వచ్చినది. వినుటకు బాగుగనే యున్నది. అయితే తిరుగదోడిన ప్రతిసారియు రాష్ట్రము పొదుపుచేసిన మిగులును, పెరిగిన రాబడిని పైప్రభుత్వము తనకే లాగుకొనుచుండెను. బంగాళపు లెఫ్టినెంటు గవర్నరే 1896లో దీనిని గొఱ్ఱెనుబట్టి ఉన్ని కత్తిరించి చలిలో విడుచుటతో పోల్చెను. మిగిల్చిన వానికి దండన, ఖర్చు చేసినవానికి లాభము అగుచో ఏ రాష్ట్రము పొదుపు చేయును?

1897లో లండనునందు వెల్బీ కమిషను ఎదుట సాక్ష్యమిచ్చునాటికి గోఖలే గారికి ముప్పదియొక యేండ్లైనను నిండలేదు. సైన్యమునకును, ఇంగ్లండులో చెల్లించు ఖర్చులకును రాబడి పెరిగినకొలది ప్రవహించుచుండగా, పాఠశాలలు, రోడ్లు, న్యాయస్థానములు రాష్ట్రముల పాలబడి కృశించుచున్నవని ఆయన లెక్కలతో చూపిరి. బడ్జెట్టు పద్దులపై శాసనసభ్యులకు ఓటు కోరు హక్కుండవలెనని కూడ అచ్చటనే వాదించిరి. ఆ ప్రయాణముననే పూనా ప్లేగు సైనికుల దుశ్చర్యలను గూర్చి విని ప్రకటించిన ఆరోపణను రుజువు చేయలేక, తిరిగివచ్చి క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. దానిని పిఱికితనమని దూషించినవారు పలువురు. రుజువులేని మాటను నిలబెట్టుకొనకపోవుట దోషమని మేము తలపము.

1899లో బొంబాయి శాసనసభకును, 1901లో ఫిరోజ్‌షా మెహతా గారి స్థానమున రాజప్రతినిధి శాసనసభకును ఎన్నికైరి. బొంబాయిలో రైతుల భూమి విక్రయ హక్కును తగ్గించు రెవిన్యూ బిల్లు 1901లో వచ్చినపుడు మెహతా గారితో పాటు సభవిడిచి వచ్చిన కొలదిమందిలో ఆయన ఒకరు. కలకత్తా సభలో ఆయనకు దొరికిన సాధనము మిక్కిలి చిన్నది. 1892 శాసనము ప్రకారము సభ్యులు బడ్జెట్టును గూర్చి ఏడాదికొకమాఱు మాటలాడవచ్చును, ప్రశ్నలడుగవచ్చును. తీర్మానము లేదు, ఓటు లేదు, ఉపప్రశ్నయైనను లేదు. అధికారులే అధికసంఖ్యాకులు.

అయినను 1902 మార్చి 26వ తేదీన ఆయన చేసిన తొలి బడ్జెట్టు ప్రసంగము సభ తీరును మార్చినది. కఱవులతో దేశము అల్లాడుచుండగా సుమారు 7 కోట్ల రూపాయల మిగులు చూపి ప్రభుత్వము సంతోషించుచుండెను. ఈ మిగులు దేశసంపదకు గుఱుతు కాదనియు, రూపాయి మారకపు ధర పెరుగుటచే విదేశపు ఖర్చు తగ్గినను పన్నులను తగ్గింపకపోవుటచే కలిగినదనియు గోఖలే గారు పద్దుపద్దుగా నిరూపించిరి. మిగిలిన సొమ్ము ఇచ్చినవానికి తిరిగి చెందవలెనని అడిగిరి. మరుసటి ఏట ఉప్పుపన్ను మణుగుకు (82 పౌనుల సర్కారు మణుగు, మన మణుగు కాదు) 2 రూపాయల 8 అణాలనుండి 2 రూపాయలకు దిగినది. 1905లో ఒకటిన్నరకు, 1907లో ఒక రూపాయికి దిగినది. ఇదియంతయు ఆయన ఒక్కరి చలవయని మేమనము. ఓటులేని సభలో ఏటేట అదే లెక్కను విప్పుచున్న మనిషి లేకున్నచో ఇంత త్వరగా జరిగియుండునని మాత్రము నమ్మజాలము.

పరిపాలనను విభజించుటకై 1907లో నియమితమైన కమిషను ఎదుట 1908లో ఆయన ఇచ్చిన సాక్ష్యము మాకు అన్నిటికంటె విలువైనదిగ తోచుచున్నది. అధికారమును ఇండియా ప్రభుత్వమునుండి గవర్నరునకు, గవర్నరునుండి కలెక్టరునకు దింపిన మాత్రమున ప్రజలకు ఒరుగునదేమి? పెత్తనము ఒక అధికారి చేతినుండి మఱియొక అధికారి చేతికి మాఱును, అంతియే. దింపిన ప్రతిచోటను ఎన్నికైనవారి అదుపు ఉండవలెనని ఆయన వాదము. అడుగున గ్రామ పంచాయతీలు, నడుమ ఎన్నికలపై నిలిచిన తాలూకా, జిల్లా బోర్డులు, కలెక్టరునకు ఆలోచన చెప్పు సభ, పైన బడ్జెట్టును చర్చించు శాసనసభ కావలెననిరి. పూనా పురపాలక సంఘాధ్యక్షులుగా పనిచేసిన అనుభవమువలన, చేతిలో డబ్బులేని బోర్డు పేరునకే బోర్డని ఆయన స్వయముగ ఎఱుగుదురు.

1909 సంస్కరణలతో తీర్మానము, ఉపప్రశ్న లభించినవి. 1910 ఫిబ్రవరిలో నేటాలునకు ఒప్పందపు కూలీలను పంపుట మాన్పింపవలెనని గోఖలే గారు తెచ్చిన తీర్మానమును ప్రభుత్వము అంగీకరించెను. కాని ఆ నెలలోనే వచ్చిన పత్రికల బిల్లును ఆయన ఎదిరింపక, కొన్ని సవరణలు కోరి ఊరకుండిరి. 1922లో రద్దగువఱకు ఆ శాసనము దేశభాషా పత్రికలను ధరావతుల పేర పీడించినది. పత్రికా వృత్తిలోని మేము దీనిని మఱువజాలము. ఆయనయెడ ఎంత గౌరవమున్నను ఇది ఆయన పొరపాటే.

1911లో ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లులో ఆయన రెండు ప్రశ్నలును ఒకచోట కలిసినవి. నిర్బంధవిద్యను కోరుకొను స్థానిక సంఘమే తన ఎల్లలో ప్రవేశపెట్టవలెను. ఖర్చులో మూడవవంతు సంఘము, మిగిలిన రెండువంతులు ప్రభుత్వము భరింపవలెను. 1912 మార్చిలో 38 ఓట్లు వ్యతిరేకముగను, 13 అనుకూలముగను వచ్చి బిల్లు ఓడినది. ఆ మార్చిలోనే స్థానిక సంఘముల ఆదాయము చాలుచున్నదో లేదో విచారింపవలెనని ఆయన మఱియొక తీర్మానము తెచ్చిరి. మన చెన్నపురి రాజధానిలో స్థానిక సంఘములు నిర్బంధవిద్య ప్రవేశపెట్టుటకు 1920లో గాని శాసనము రాలేదు.

1915 ఫిబ్రవరి 19వ తేదీన, 48 ఏండ్ల వయస్సున, గోఖలే గారు పూనాలో దేహము చాలించిరి. అంతకు కొలదిదినముల ముందు బొంబాయి గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు కోరికపై, రోగశయ్యనుండి, పెన్సిలుతో ఒక ప్రణాళికను వ్రాసిరి. రాష్ట్రములు పైప్రభుత్వమునకు నిర్ణీతమైన మొత్తము చెల్లించి తమ ఆర్థికవిషయములలో స్వతంత్రముగ నుండుట. గవర్నరు క్రింద ఆఱుగురి కార్యనిర్వాహక సభ, అందు ముగ్గురు భారతీయులు. 75 మొదలు 100 మంది గల శాసనసభ, అందు ఐదింట నాలుగుపాళ్లు ఎన్నికైనవారు. 1917లో ఆగాఖాను గారు దానిని ప్రకటించిరి. 1919 శాసనము రాష్ట్రముల పద్దులను వేఱుచేసినది గాని, రాష్ట్రములు చెల్లింపవలసిన మొత్తమును మెస్టను సంఘము నిర్ణయించినపుడు, 983 లక్షలలో 348 లక్షలు ఆంధ్ర జిల్లాలతో కూడిన చెన్నపురి రాజధానిపైననే పడెను. 1928-29లో గాని ఆ భారము పూర్తిగ తొలగలేదు.