కళాకారుల చరిత్రకారుడు - మిక్కిలినేని

శిల్పి మరణించినా శిల్పం నిలుస్తుంది. కవి గతించినా కావ్యం మిగులుతుంది. నటుని కళ మాత్రం తెర పడిన మరుక్షణమే అదృశ్యమవుతుంది. చూచిన వారి జ్ఞాపకాలలో అది కొంతకాలం బ్రతుకుతుంది. ఆ తరం గడిచిన పిమ్మట ఆ నటుని పేరు కూడ వినిపించదు. ఇట్లు మరుగునపడిపోతున్న కళాకారుల జీవితాలను వెదకి అక్షరబద్ధం చేసిన మహనీయుడు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో కృష్ణా, గుంటూరు మండలాలు పద్యనాటకానికి పుట్టినిండ్లు. పంటలు ఇంటికి చేరిన తరువాత ఊరూర పందిళ్ళు వెలిసేవి. పెట్రోమాక్సు దీపాల వెలుగులో, హార్మోనియం శ్రుతిలో తెల్లవారే వరకు నాటకాలు సాగేవి. రాగయుక్తంగా పద్యం పాడిన నటుని ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటూ మరల మరల పాడించేవారు. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. క్రమంగా ప్రజల చూపు వెండితెర వైపు మరలింది. సమాజాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఒకనాడు వేలమందిని అలరించిన నటులలో పలువురు అజ్ఞాతంగా జీవితాలు ముగించారు.

ఆ నాటకరంగ వాతావరణంలోనే మిక్కిలినేని పెరిగారు. ఆయన 1916 జూలై 7న గుంటూరు జిల్లాలో, కృష్ణానదీ తీరాన ఉన్న లింగాయపాలెంలో జన్మించారు. నేడు ఆ గ్రామం అమరావతి రాజధాని ప్రాంతంలో అంతర్భాగం. ఆయన చదివినది పశువైద్యం; మనసు నిలిచినది నాటకంపై. పద్యపఠనంలో విశేష కీర్తి గడించిన కపిలవాయి రామనాథశాస్త్రి వద్ద శిక్షణ పొంది రంగస్థలంపై అడుగుపెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు.

1943లో ఆవిర్భవించిన ప్రజానాట్యమండలి ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అంతవరకు రాజులకు, పురాణ పురుషులకు నెలవైన రంగస్థలంపైకి రైతులు, కూలీలు కథానాయకులై వచ్చారు. బుఱ్ఱకథ, వీధి భాగవతం వంటి జానపద రూపాలు ప్రజల కష్టసుఖాలను వినిపించే సాధనాలైనాయి. దళాలతో పల్లెలు తిరుగుతున్నపుడు మిక్కిలినేనికి ఎందరో గ్రామీణ కళాకారులు పరిచయమయ్యారు. చదువు లేకపోయినా వందల పద్యాలు కంఠస్థం చేసిన వారు, తరతరాలుగా ఒకే కళను నమ్ముకొని పేదరికంలో మ్రగ్గుతున్న వారు ఆయనకు ఎదురయ్యారు. 1940ల చివరి సంవత్సరాలలో ప్రభుత్వ నిర్బంధం వలన ఆ సంస్థ ప్రదర్శనలు ఆగిపోయాయి.

పిమ్మట మిక్కిలినేని చలనచిత్ర రంగంలో ప్రవేశించారు. ఆయన ధరించినవి అధికంగా సహాయపాత్రలే. 1957లో విడుదలైన ‘మాయాబజార్’లో కర్ణుడు ఆయనే. ఆ చిత్రాన్ని పలుమార్లు చూచిన వారిలో కూడ కర్ణ పాత్రధారి పేరు చెప్పగలవారు అరుదు. కథానాయకుని ప్రక్కన నిలిచే నటుని శ్రమ ఎటువంటిదో, అతని పేరు ఎంత త్వరగా మరుగునపడుతుందో ఆయనకు స్వానుభవమే. బహుశః ఆ అనుభవమే ఆయనచేత కలం పట్టించి ఉంటుంది.

‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘నటరత్నాలు’ శీర్షికతో వందలాది నటీనటుల జీవితరేఖలను ఆయన చిత్రించారు. నటుడు పుట్టిన ఊరు, విద్య నేర్పిన గురువు, పేరు తెచ్చిన పాత్ర ఇందులో పాఠకునికి పరిచయమవుతాయి. ప్రసిద్ధులను గురించి వ్రాయడం సులభం. వారి వివరాలు పలుచోట్ల దొరుకుతాయి. ఒక జిల్లా దాటి పేరు వినిపించని నటుని చరిత్ర వ్రాయాలంటే ఎరిగిన వారిని అడిగి తెలుసుకొనవలసిందే. చెప్పగల వృద్ధులు కన్నుమూస్తే ఆ చరిత్ర వారితోనే అంతరిస్తుంది. మిక్కిలినేని పని కాలంతో పోటీపడి చేసిన పని.

ఆయన కృషి నటుల జీవితాలతో ఆగలేదు. ‘ఆంధ్ర నాటకరంగ చరిత్ర’, ‘ఆంధ్రుల నృత్య కళావికాసం’ అను గ్రంథాలు రచించారు. 1992లో తెలుగు విశ్వవిద్యాలయం ప్రచురించిన ‘తెలుగువారి జానపద కళారూపాలు’ తోలుబొమ్మలాట, పగటి వేషాలు, చిందు భాగవతం మొదలైన ఎన్నో కళలను ఒకచోట పరిచయం చేసిన బృహద్గ్రంథం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 2011 ఫిబ్రవరి 22న విజయవాడలో ఆయన తుదిశ్వాస విడిచారు.

రాజుల చరిత్రను శాసనాలు చెబుతాయి. ప్రజలను నవ్వించి, ఏడ్పించి, మేల్కొలిపిన వారికి శాసనాలు లేవు. ఆ లోటును తన శక్తికొలది పూరించిన వారు మిక్కిలినేని. మన గ్రామాలలో నేటికీ ఒకనాటి హరికథకులు, హార్మోనిస్టులు, వేషగాండ్రు ఉన్నారు. వారి వద్ద కూర్చుండి, వారి కథను విని, వ్రాసిపెట్టడం విద్యార్థులకు అసాధ్యమైన పని కాదు. మిక్కిలినేని చూపిన బాట అదే.